పుల్లరి పోరాట వీరుడు కన్నెగంటి హనుమంతు

నరసరావుపేట, రొంపిచెర్ల ప్రాంతాల పంట చేల నుండి పడమరగా సాగినకొద్దీ నేల తీరు క్రమంగా మారుతుంది. నల్లరేగడి పలచబడి, నాపరాళ్ళు పైకి తేలిన మెట్ట భూములు ఎదురవుతాయి. మాచర్ల, దుర్గి ప్రాంతాలకు చేరేసరికి దిగంతాన నల్లమల కొండల నీలిరేఖ కనిపిస్తుంది. పౌరుషానికి పేరుపొందిన పల్నాటి సీమ ఇదే. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుల కథతో ఈ నేల తెలుగువారి హృదయాలలో శాశ్వతంగా నిలిచింది. రాళ్ళనూ జొన్నకూటినీ తప్ప మరేమీ ఎరుగని సీమ అని మహాకవి శ్రీనాథుడు తన చాటువులలో పల్నాటిని పరిహసించినట్లు చెబుతారు. కాని ఆ రాళ్ళ నడుమనే, ఆ జొన్నకూడు తినే రైతుల మధ్యనే, ఇరవయ్యో శతాబ్దంలో మరొక వీరగాథ పుట్టింది. దాని నాయకుడు కన్నెగంటి హనుమంతు.

పన్నెండో శతాబ్దంలో జరిగిన పల్నాటి యుద్ధం రాజ్యం కోసం జరిగింది. 1921–22 సంవత్సరాలలో జరిగిన పోరు పశువుల మేత కోసం జరిగింది. పైకి చూస్తే ఇది చిన్న విషయంగా తోస్తుంది. కాని దాని లోతుల్లో ఒక పెద్ద ప్రశ్న ఉంది. కొండ, అడవి, నీరు, భూగర్భంలోని ఖనిజం వంటి ప్రకృతి సంపదలు ఎవరివి? వాటిని ఎవరు, ఎవరి మేలు కోసం పాలించాలి? నేడు చమురు నిక్షేపాలు గల దేశాలు మొదలుకొని సున్నపురాయి గనులు గల గ్రామాల వరకు అందరూ ఎదుర్కొంటున్న ప్రశ్న ఇదే. ఆ ప్రశ్నను తన ప్రాణం పణంగా పెట్టి అడిగిన సామాన్య రైతు హనుమంతు.

హనుమంతుది నేటి పల్నాడు జిల్లా, దుర్గి మండలంలోని మించాలపాడు గ్రామం. ఆయనది వ్యవసాయ కుటుంబం. ఆయన భార్య గంగమ్మ. ఆయన పెద్ద చదువులు చదివినవాడు కాదు, పట్టణాలలో పేరు గడించిన నాయకుడూ కాదు. అయితే పదిమందికి తలలో నాలుకగా మెలగేవాడు. ఊరిలో ఎవరికి ఏ కష్టం వచ్చినా ముందు నిలిచేవాడు. రైతు కష్టం ఎక్కడ మొదలవుతుందో, అధికారి దర్పం ఎక్కడ పెచ్చుమీరుతుందో ఆయనకు పుస్తకాల ద్వారా తెలియలేదు. దినదినమూ కన్నులారా చూసి తెలుసుకున్నాడు.

ఆనాటి పల్నాడు ఇప్పటిలా కాలువల నీటితో పండే నేల కాదు. నాగార్జునసాగరానికి 1955లో శంకుస్థాపన జరిగింది. దాని కాలువలకు నీరు వదిలింది 1967లో. అంతకుముందు ఆకాశం కరుణిస్తేనే పంట. వాన కురవని ఏడు జొన్న, సజ్జ కూడా చేతికందేవి కావు. అటువంటి సీమలో రైతుకు నమ్మకమైన ఆస్తి పశువు. దుక్కికి ఎద్దు, పాడికి గేదె, ఎరువుకు గొర్రె. పంట పోయిన ఏడాది కుటుంబాన్ని నిలబెట్టేది ఆ పశుసంపదే. ఆ పశువులను నిలబెట్టేది అడవి.

అడవి రైతుకు మేత మాత్రమే ఇవ్వలేదు. నాగలికి కొయ్య, ఇంటికి దూలం, వంటకు చెరకు, దడికి కంప, తట్టకు వెదురు, విస్తరికి మోదుగాకు అన్నీ అడవి నుండే వచ్చేవి. చెంచులకు అదే ఇల్లు. సుగాలీల మందలకు అదే ఆధారం. మైదాన గ్రామాల రైతులు కూడా పైరు కాలంలో తమ పశువులను నల్లమల వైపు మేతకు తోలుకొనిపోయేవారు. కాబట్టి అడవి అంచున ఉన్నవారికే కాదు, దూరాన చేలు దున్నుకొనేవారికి కూడా అడవితో ముడిపడిన జీవనమే. ఈ వాడకానికి దస్తావేజులు లేవు. తాతలనాటి నుండి వస్తున్న ఆనవాయితీయే దానికి పట్టా.

బ్రిటిష్ పాలన స్థిరపడిన తరువాత ఈ స్థితి మారింది. రైలు మార్గాల కింద పరచడానికి కొయ్య దిమ్మెలు కావలసి వచ్చాయి. ఓడల నిర్మాణానికి కలప కావలసి వచ్చింది. అడవి అంటే ఆదాయమని ప్రభుత్వం గ్రహించింది. 1865లోను, 1878లోను భారతదేశ అటవీ చట్టాలు వెలువడ్డాయి. ఇక్కడ గమనింపదగిన విశేషం ఒకటి ఉంది. 1870 ప్రాంతాన మద్రాసు రాష్ట్రానికి అటవీ చట్టం చేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, ఆ రాష్ట్రపు రెవెన్యూ బోర్డే దానికి అడ్డు చెప్పింది. ఈ రాష్ట్రంలో గ్రామస్థులకు అనుభవహక్కు లేని అడవి దాదాపుగా లేదని, అందువల్ల అడవులను పూర్తిగా ప్రభుత్వపు సొత్తుగా భావించడం న్యాయం కాదని ఆ బోర్డు అభిప్రాయపడింది. అంటే ప్రజల హక్కును మొదట గుర్తించినవారిలో ప్రభుత్వపు ఉద్యోగులూ ఉన్నారు. కాని ఆ అభిప్రాయం నిలవలేదు. అడవిపై సర్వాధికారం ప్రభుత్వానిదేననీ, ప్రజలకున్నది హక్కు కాదు, ప్రభుత్వం దయతో ఇచ్చే వెసులుబాటు మాత్రమేననీ వాదించినవారిదే పైచేయి అయింది. 1882లో మద్రాసు అటవీ చట్టం అమలులోకి వచ్చింది.

ఈ చట్టంతో అడవులు రిజర్వు అడవులయ్యాయి. సరిహద్దు రాళ్ళు వెలిశాయి. నిన్నటి దాకా నడిచిన పుంతదారి ఈనాడు నిషిద్ధమయింది. నిన్నటి దాకా తెచ్చుకున్న కట్టెమోపు ఈనాడు దొంగసొత్తయింది. పశువులను మేపాలంటే తలకు ఇంత అని పన్ను కట్టి అనుమతి చీటీ పొందాలి. ఈ పన్నునే పుల్లరి అంటారు. పుల్లు అంటే గడ్డి, అరి అంటే పన్ను. పుల్లరి అనే మాట కొత్తది కాదు. పూర్వరాజుల కాలంలోనూ ఈ పేరుతో పన్ను ఉండేది. అయితే పన్ను కట్టినా కట్టకున్నా అడవితో గ్రామానికి గల సంబంధాన్ని పూర్వం ఎవరూ కాదనలేదు. కొత్త చట్టం ఆ సంబంధాన్నే తెంచివేసింది.

అటవీ సంరక్షణ అవసరమే లేదని చెప్పడం సరికాదు. హద్దులేని మేత వల్ల లేతమొక్కలు నశిస్తాయి. విచక్షణ లేని నరుకుడు వల్ల కొండలు బోడులవుతాయి. అడవిని కాపాడటానికి నియమాలు ఉండవలసిందే. అయితే ఆ నియమాలను చేసినవారు అడవి మీద బతికేవారిని ఒక్కమాటైనా అడగలేదు. పైగా రైతు గేదె నాలుగు గడ్డిపరకలు మేయడం నేరమైన ఆ అడవిలోనే, ప్రభుత్వపు అనుమతితో గుత్తేదారులు బండ్లకొద్దీ కలప తరలించుకుపోయేవారు. వచ్చిన ఆదాయం ఖజానాకు చేరేది. ఆ ఆదాయంతో పల్నాటి పల్లెకు ఒక చెరువో, ఒక బడో వచ్చిన దాఖలాలు అరుదు. కష్టం ఊరిది, ఫలం దొరతనానిది. ప్రజల ఆగ్రహానికి మూలం ఇక్కడ ఉంది.

చట్టం కంటే దానిని అమలుపరచే చిరుద్యోగుల జులుం మరింత బాధించేది. అటవీ గార్డు ఊళ్ళోకి వస్తే ఆయనకు భోజనం, పాలు, నెయ్యి ఊరే సమకూర్చాలి. మామూళ్ళు ముట్టచెప్పాలి. వెట్టిచాకిరీ చేయాలి. లేకుంటే అడవి అంచున మేస్తున్న పశువులు సైతం అడవిలో మేసినట్లు లెక్కకెక్కేవి. వాటిని బందెలదొడ్డికి తోలేవారు. అపరాధం చెల్లించి విడిపించుకొనే దాకా రైతు దుక్కి ఆగిపోయేది. పాలిచ్చే గేదె దొడ్డిలో మేత లేక బక్కచిక్కేది. చదువురాని రైతుకు చట్టమేదో, గార్డు నోటిమాట ఏదో తెలిసేది కాదు.

1921 నాటికి పల్నాటిలో వానలు సరిగా లేక కరవు పరిస్థితులు ఏర్పడ్డాయి. చేను ఎండింది. చొప్ప లేదు. పశువులకు అడవి తప్ప గతి లేదు. ఆ సమయంలోనే పుల్లరి వసూళ్ళు, బందెలదొడ్డి అపరాధాలు మరింత భారమయ్యాయి. సరిగ్గా అదే ఏడాది దేశమంతటా సహాయ నిరాకరణోద్యమం ఉప్పెనలా లేచింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో విజయవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. మహాత్మాగాంధీ రాకతో ఆంధ్రదేశం పులకించింది. గుంటూరు జిల్లాలోని చీరాల–పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన పురపాలక పన్ను కట్టబోమని ఇళ్ళు వదిలి, ఊరి వెలుపల రామనగరం నిర్మించుకొన్నారు. ఈ వార్తలు పల్నాటి రచ్చబండలకు చేరాయి. పన్ను కట్టకుండా ఉండటం కూడా ఒక ఆయుధమేనని రైతులకు అర్థమయింది.

పల్నాటి రైతుల ఇబ్బందులు విచారించడానికి గుంటూరు జిల్లా కాంగ్రెస్ నాయకులు 1921లో ఉన్నవ లక్ష్మీనారాయణను, వేదాంతం నరసింహాచారిని పంపారు. ఉన్నవవారు ఐర్లండులో బారిస్టరు చదువు చదివి వచ్చినవారు. విధవా వివాహాల కోసం, దళితుల అభ్యున్నతి కోసం శ్రమించిన సంస్కర్త. వారు పల్నాటిలో అడుగుపెట్టగానే ప్రభుత్వం ఉలికిపడింది. వారిని నిర్బంధించి, ఏడాది జైలుశిక్ష విధించింది. ఆ కారాగారవాస కాలంలోనే ఉన్నవవారు సుప్రసిద్ధమైన మాలపల్లి నవలను రచించారు. విచారణకు వచ్చిన నాయకులను జైలుకు పంపినందువల్ల ఉద్యమం ఆగలేదు. నాయకత్వం పట్టణాల నుండి పల్లెలకు మారింది. అప్పటిదాకా అనుచరులుగా ఉన్నవారే నాయకులయ్యారు. అలా ముందుకు వచ్చినవారిలో అగ్రగణ్యుడు కన్నెగంటి హనుమంతు.

హనుమంతు గాంధీజీ బోధనలకు ఆకర్షితుడయ్యాడు. ఖద్దరు ధరించాడు. ఊరూరా తిరిగి రైతులను సమావేశపరిచాడు. పుల్లరి కట్టవద్దని, అధికారులకు సహకరించవద్దని ప్రబోధించాడు. దేవుడిచ్చిన అడవిలో మొలిచిన గడ్డికి పన్నేమిటన్న ఆయన వాదం నిరక్షరాస్యులకు కూడా సూటిగా తాకింది. స్వరాజ్యమంటే దూరాన ఢిల్లీలో జరిగే మార్పు కాదని, తమ ఊరి పొలిమేరలోని కొండ మీద తమ మాట చెల్లడమేనని పల్నాటి ప్రజలు గ్రహించారు.

ప్రజలు ఎన్నుకొన్న మార్గం సాంఘిక బహిష్కారం. అటవీ, రెవెన్యూ, పోలీసు సిబ్బందికి ఊళ్ళలో బస దొరకలేదు. బట్టలు ఉతికేవారు, క్షౌరం చేసేవారు, నీళ్ళు తోడేవారు, బండి కట్టేవారు కరువయ్యారు. కొట్టులో ఉప్పూ పప్పూ కూడా అమ్మలేదు. నిన్నటి దాకా నెయ్యి, పాలు దండుగా పొందిన ఉద్యోగి ఈనాడు మంచినీళ్ళకు కూడా దిక్కులు చూడవలసి వచ్చింది. వ్యవసాయదారులే కాక వివిధ కులవృత్తుల వారు, అడవినే నమ్ముకొన్నవారు ఒక్కటిగా నిలవడం ఈ ఉద్యమ విశిష్టత. ఏ ఒక్క కులం విడిపోయినా బహిష్కారం నీరుగారిపోయేది. ఆ ఐక్యత సాధించడంలోనే హనుమంతు నాయకత్వ ప్రతిభ తెలుస్తుంది.

బెదిరింపులకు లొంగని హనుమంతును ప్రభుత్వం ప్రలోభపెట్టజూసిందని పల్నాటి ప్రజలు చెప్పుకొంటారు. ఉద్యమం మానివేస్తే దుర్గి ప్రాంతానికి అధికారిని చేస్తామని ఆశ చూపారని, ఆయన దానిని తృణప్రాయంగా తిరస్కరించాడని జనశ్రుతి. పదవి వస్తే ఆయన కుటుంబం ఒక్కటి బాగుపడేది. ఊరి పశువుల మేత మాత్రం అలాగే అడ్డులో ఉండేది. ఆ తేడాను ఎరిగినవాడు కాబట్టే ఆయన ఇప్పటికీ జనం నాలుకల మీద ఉన్నాడు.

1922 సంవత్సరం ప్రవేశించింది. గుంటూరు జిల్లా అంతటా పన్నుల నిరాకరణోద్యమం ఉధృతమయింది. పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన రైతులు భూమిశిస్తు చెల్లించడం మానివేశారు. జిల్లా కలెక్టరు రూథర్‌ఫర్డ్ ఉద్యమాన్ని అణచడానికి కఠిన చర్యలు చేపట్టాడు. ఇంతలో 1922 ఫిబ్రవరి తొలి వారంలో ఉత్తరదేశాన చౌరీచౌరాలో జనం పోలీసు ఠాణాకు నిప్పుపెట్టారు. పోలీసులు ఆహుతయ్యారు. అహింసకు భంగం కలిగినందుకు గాంధీజీ తీవ్రంగా కలత చెందాడు. ఫిబ్రవరి 12న బార్డోలీలో సమావేశమైన కాంగ్రెస్ కార్యవర్గం శాసనోల్లంఘనను నిలిపివేసింది. పన్నులు చెల్లించవలసిందిగా ప్రజలను కోరింది.

దేశంలో ఉద్యమం ఆగింది. కాని పల్నాటిలో కరవు ఆగలేదు. పశువుల ఆకలి ఆగలేదు. పుల్లరి వసూళ్ళూ ఆగలేదు. సహాయ నిరాకరణ ఒక రాజకీయ కార్యక్రమంగా ఉన్నవారికి దానిని నిలిపివేయడం సాధ్యమే. అది జీవన్మరణ సమస్యగా ఉన్నవారికి అంత తేలిక కాదు. అగ్రనాయకుల నిర్ణయానికీ, అడవి అంచు రైతు అవసరానికీ మధ్య ఏర్పడిన ఈ అగాధంలోనే మించాలపాడు విషాదం జరిగింది.

1922 ఫిబ్రవరి చివరలో పుల్లరి వసూలు కోసం సాయుధ పోలీసు బలగంతో అధికారులు మించాలపాడుపై వచ్చిపడ్డారు. పశువులను పట్టుకొని తోలుకుపోవడానికి పూనుకొన్నారు. తమ పశువులను విడిపించుకోవడానికి జనం గుమికూడారు. హనుమంతు ముందు నిలిచాడు. పోలీసులు కాల్పులు జరిపారు. హనుమంతు నేలకొరిగాడు. ఇరవైకి పైగా తూటాలు ఆయన దేహంలో దిగాయని, కొన్ని గంటలపాటు కొనప్రాణంతో దాహం దాహం అని అలమటించాడని, నీళ్ళు అందించబోయిన వారిని పోలీసులు దగ్గరకు రానీయలేదని పల్నాటి ప్రజలు తరతరాలుగా చెప్పుకొంటున్నారు. ఆ రాత్రి మించాలపాడు ఇంటింటా శోకం అలముకొంది. శాసనోల్లంఘన ఆగిపోయిందని ప్రకటించిన కొద్ది రోజులకే, గడ్డి మీద పన్ను కట్టనన్నందుకు ఒక రైతు ప్రాణాలు కోల్పోయాడు.

కోలగట్లలోని ఆయన సమాధి ఆ త్యాగానికి మూగసాక్షిగా నిలిచింది. ఉద్యమం అణగిపోయినా అది లేవనెత్తిన సమస్య అణగిపోలేదు. అదే సంవత్సరం ఆగస్టులో విశాఖ మన్యంలో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు మొదలైంది. పోడు వ్యవసాయంపై ఆంక్షలు, అటవీ ఉద్యోగుల దౌర్జన్యం, బలవంతపు కూలిపని ఆ తిరుగుబాటుకు కూడా ప్రధాన కారణాలు. గుంటూరులో పన్నుల నిరాకరణను అణచిన రూథర్‌ఫర్డ్‌నే 1924లో మన్యానికి ప్రత్యేకాధికారిగా పంపడం యాదృచ్ఛికం కాదు. పల్నాటి హనుమంతు, మన్యపు సీతారామరాజు ఎంచుకొన్న మార్గాలు వేరు. ఒకరిది సహాయ నిరాకరణ, మరొకరిది సాయుధ సమరం. వారి ప్రశ్న మాత్రం ఒక్కటే.

అటవీ పాలనలో ప్రజలకు స్థానం ఉండాలన్న ఆలోచన క్రమంగా ప్రభుత్వానికీ తప్పలేదు. 1913 నాటి మద్రాసు అటవీ కమిటీ, గ్రామాలకు దగ్గరగా ఉన్న కొన్ని అడవులను పంచాయతీలకు అప్పగించాలని అప్పటికే సూచించింది. 1920వ దశకంలో అటవీ పంచాయతీలు కొన్నిచోట్ల ఏర్పడ్డాయి. కాని పూర్తి న్యాయం జరగడానికి చాలా కాలం పట్టింది. స్వతంత్ర భారత పార్లమెంటు 2006లో అటవీ హక్కుల చట్టం చేసింది. అడవిలో తరతరాలుగా జీవిస్తున్న గిరిజనులకు, ఇతర సంప్రదాయ అటవీ నివాసులకు భూమిపై, చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై హక్కులను ఆ చట్టం గుర్తించింది. ఆ హక్కులలో పశువులను మేపుకొనే హక్కు కూడా ఒకటి. అప్పటికి హనుమంతు మరణించి ఎనభై నాలుగేళ్ళు గడిచాయి.

అడవి విషయంలో తలెత్తిన ప్రశ్నే నేడు భూగర్భ సంపద విషయంలోనూ తలెత్తుతున్నది. పల్నాటి నేల కింద సున్నపురాయి విస్తారంగా ఉంది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు, మాచర్ల ప్రాంతం నాపరాళ్ళకు, సిమెంటుకు ప్రసిద్ధి. వినుకొండ సమీపాన అగ్నిగుండాల ప్రాంతంలో సీసం, రాగి ఖనిజాలు బయటపడ్డాయి. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం గని తవ్వేవారు ప్రభుత్వానికి రాయల్టీ చెల్లించాలి. కాని ఆ సొమ్ములో ఎంత భాగం గని దుమ్ము పీల్చే గ్రామానికి తిరిగి చేరుతున్నదన్న ప్రశ్న చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 2015లో ఆ చట్టాన్ని సవరించి, గనులున్న జిల్లాలలో జిల్లా ఖనిజ ఫౌండేషన్లు ఏర్పాటు చేశారు. రాయల్టీకి అదనంగా గని యజమానులు చెల్లించే మొత్తాన్ని గనుల వల్ల నష్టపోయిన ప్రజల తాగునీటికి, వైద్యానికి, విద్యకు వినియోగించాలని నిర్దేశించారు.

తెలుగునేల ఈ విషయంలో దేశానికి దారి చూపిన సందర్భం కూడా ఉంది. నాటి విశాఖపట్నం జిల్లా అనంతగిరి మండలంలో గిరిజనుల భూములను గనుల కోసం ప్రైవేటు సంస్థలకు లీజుకివ్వడాన్ని సమత అనే సంస్థ న్యాయస్థానంలో ప్రశ్నించింది. షెడ్యూల్డు ప్రాంతాలలో గిరిజనేతరులకు అలా లీజులు ఇవ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గనుల లాభంలో కనీసం ఇరవై శాతం స్థానికుల అభివృద్ధికి వెచ్చించాలని కూడా పేర్కొంది. కృష్ణా–గోదావరి సముద్ర తీరంలో లభించిన సహజవాయువుపై రెండు సంస్థల మధ్య తగవు వచ్చినప్పుడు, ఆ సంపద దేశ ప్రజలదేనని, ప్రభుత్వం వారి తరఫున దానికి ధర్మకర్త మాత్రమేనని 2010లో అదే న్యాయస్థానం స్పష్టం చేసింది.

ప్రపంచ దేశాల అనుభవం కూడా ఇదే బోధిస్తున్నది. నార్వే సముద్ర గర్భంలో 1969లో పెద్ద చమురు నిక్షేపం బయటపడింది. ఆ సంపద జాతి మొత్తానికి చెందినదని ఆ దేశం మొదటి నుండీ నిశ్చయించుకొన్నది. 1990లో ప్రత్యేక శాసనం చేసి, చమురు ఆదాయాన్ని ముందుతరాల కోసం ఒక నిధిలో భద్రపరచసాగింది. నైజీరియా కథ ఇందుకు భిన్నం. నైజర్ నదీముఖ ప్రాంతంలో చమురు తవ్వినకొద్దీ ఓగోనీ ప్రజల చేలు, చేపల చెరువులు పాడయ్యాయి. వారి పక్షాన నిలిచిన రచయిత కెన్ సారోవివాను 1995లో సైనిక ప్రభుత్వం ఉరితీసింది. రెండు దేశాలలోనూ దొరికింది చమురే. ఒకచోట అది వరమయింది, మరొకచోట శాపమయింది. ఆ తేడా భూగర్భంలో లేదు, పరిపాలనలో ఉంది. లెక్కలు బహిరంగంగా ఉన్నచోట, నిర్ణయంలో ప్రజలకు మాట ఉన్నచోట, ఫలం పంపిణీ న్యాయంగా ఉన్నచోట ప్రకృతి సంపద జాతి సంపద అవుతుంది. ఆ మూడూ లోపించినచోట అది కొద్దిమంది సొత్తవుతుంది.

కన్నెగంటి హనుమంతుకు నార్వే తెలియదు, నైజీరియా తెలియదు. రాయల్టీ, లీజు వంటి మాటలు ఆయన విని ఉండడు. కాని ఊరిని అడగకుండా ఊరి కొండను పాలించడం అన్యాయమన్న సత్యం ఆయనకు తెలుసు. పన్ను ఎంత అన్నది ఆయనకు ముఖ్యం కాదు, ఆ పన్ను వేసే అధికారం ఎవరు ఇచ్చారన్నదే ముఖ్యం. ఆ ప్రశ్న వేయడానికి ఆయనకు పాండిత్యం అవసరం కాలేదు, ధైర్యం చాలింది.

నేడు ఒకప్పటి బీళ్ళలో సాగర్ కాలువ నీరు పారుతున్నది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా అవతరించింది. హనుమంతు నేలకొరిగి నూరేళ్ళు నిండిన ఏడాది అది. రొంపిచెర్ల మొదలుకొని మాచర్ల దాకా గల ఊళ్ళన్నీ ఇప్పుడు ఆ ఒక్క జిల్లా పేరు కిందికి వచ్చాయి. ఆ పేరుకు పూర్వం బాలచంద్రుని శౌర్యం వన్నె తెచ్చింది. ఆధునిక కాలంలో ఆ వన్నెను నిలిపినవాడు మించాలపాడు రైతు. అడవిని, నీటిని, గనిని వాడుకొనే ప్రతి తరమూ అందులో తమకున్న హక్కును తెలుసుకోవాలి. రాబోయే తరం వాటాను కాపాడవలసిన బాధ్యతనూ తెలుసుకోవాలి. ఆ వీరునికి మనం అర్పించగల నిజమైన నివాళి అదే.